డబ్బా మీద ఏం రాసి ఉంది?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడటం అయిపోయాక, తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్ల అమ్మగారు ఒకరు వెళ్లకుండా నా టేబుల్ దగ్గరే నిలబడ్డారు. వెనక లైన్ కొంచెం తగ్గాక ఫోన్ తీసి నాకు ఒక ఫొటో చూపించారు. నల్లటి పెద్ద డబ్బా. దాని మీద తల కనబడని ఒక మనిషి, కండలు తిరిగిన చేతులు.

"మేడం, మీరు ఇంగ్లిష్ టీచర్ కదా, దీని మీద ఏం రాసిందో జర చదివి చెప్పండి. బాబు పుట్టినరోజుకు ఇదే కావాలంటున్నడు. మూడు వేల అయిదు వందలంట. వాళ్ల నాన్న కొనిద్దాం అంటున్నరు. మంచిదేనా?"

చదివాను. 'మాస్ గెయినర్' అని ఉంది. వెనకవైపు ఫొటోలో, అందులో ఏమేం కలిపారో ఆ జాబితా ఉంది. అన్నిటికంటే ముందు రాసింది మాల్టోడెక్స్‌ట్రిన్. అది గంజిపిండి నుంచి తీసే పిండి పదార్థం. మన దేశంలో ప్యాకెట్ల మీద ఏ పదార్థం ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలి. అంటే ఆ మూడున్నర వేలలో ఎక్కువ భాగం మనం కొనేది కండ పెంచే ప్రొటీన్ కూడా కాదు, పిండి.

ఆమెకు అంతవరకే చెప్పగలిగాను. "ఇప్పుడే కొనకండమ్మా, నేను మళ్లీ మాట్లాడతాను" అన్నాను. ఆ డబ్బా చూడగానే నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు, గొంతు పట్టేసింది. ఆ రోజు ఆమెకు చెప్పలేకపోయింది ఇక్కడ మీ అందరికీ రాస్తున్నాను. తమ్ముడిని అడిగాను. "పేరు రాయకు అక్కా, మిగతాది అంతా రాయి" అన్నాడు. మామూలుగా నేను ఈ పత్రికలో ఇంగ్లిష్ పేజీకే రాస్తాను. ఈసారి తెలుగులో రాస్తున్నాను, ఇంట్లో తాతయ్యలు, నానమ్మలు కూడా చదవాలని.

తమ్ముడు హీరో అయిన దసరా

మా ఊరు తాడ్వాయి. మేడారం దారిలో వచ్చే తాడ్వాయి కాదు, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో ఉండే మన తాడ్వాయి. నాయన వ్యవసాయం చేస్తాడు. ఇంట్లో మేమిద్దరమే పిల్లలం. తమ్ముడు చిన్నప్పటి నుంచి సన్నం. బడిలో వాడిని 'కట్టెపుల్ల' అని పిలిచేవాళ్లు. మేము కూడా నవ్వేవాళ్లం. ఆ మాట వాడి లోపల ఎంత దూరం పోయిందో మాకు అప్పుడు తెలియదు.

2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. వాడు డిగ్రీ అయిపోయి పట్నంలో రూమ్ తీసుకుని, చదువుతో పాటు జిమ్‌లో చేరాడు. నాకు అప్పుడే బీఈడీ అయిపోయి కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఒకరోజు ఫోన్ చేసి "అక్కా, ఆరు వేలు కావాలే, ప్రొటీన్ పౌడర్ కొనాలె, ఈవెంట్స్‌కు పనికొస్తది" అన్నాడు. పంపాను. తర్వాతి నెల మళ్లీ అడిగాడు, మళ్లీ పంపాను. దేనికి అని ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. తమ్ముడు కష్టపడుతున్నాడు, నా జీతం వాడికి ఉపయోగపడుతోంది అని లోపల సంతోషమే.

దసరాకు ఇంటికి వచ్చాడు. చూసి మేమెవరం నమ్మలేదు. మూడు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు. చొక్కా చేతులు పిగిలిపోయేలా ఉన్నాయి. జమ్మి పెట్టడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "హీరో లెక్క అయినవ్‌రా" అన్నారు. నేను ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. ఇంత తొందరగా ఇదెలా సాధ్యమని ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

అడిగి ఉంటే కనబడేవి చాలా ఉన్నాయి. ముఖం ఉబ్బింది. వీపంతా మొటిమలు. రాత్రి రెండింటికి కూడా నిద్రపోయేవాడు కాదు. మాటకు ముందు కోపం. కూరలో ఉప్పు తక్కువైందని ఒకరోజు పళ్లెం విసిరేశాడు. అది అమ్మ కాళ్ల దగ్గర పడింది. అంతకుముందు అమ్మ ముందు గొంతు పెంచి కూడా ఎరగడు. "పరీక్షల టెన్షన్ బిడ్డకు" అని అమ్మే సర్ది చెప్పింది.

ఆ సంవత్సరం చివర్లో ఈవెంట్స్ జరిగాయి. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. దాని తర్వాత లాంగ్ జంప్, షాట్‌పుట్. మా తమ్ముడు మూడో రౌండ్‌లో కూర్చుండిపోయాడు. వాడి పక్కన పరుగెత్తిన సన్నటి పిల్లలు దాటిపోయారట. జిమ్‌లో అంత బరువు ఎత్తేవాడికి అంత దూరం పరుగెత్తే ఊపిరి లేకపోయింది.

ఇంటికి వచ్చి పడుకున్నాడు. నాలుగు రోజులకు కళ్లు పచ్చబడ్డాయి. పసిరికలు అని ఆకు పసరు పోయిద్దామన్నారు. నేను పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. బీపీ 160/100. ఇరవై రెండేళ్ల పిల్లవాడికి. రక్త పరీక్షలో లివర్ రిపోర్ట్ చూసి డాక్టర్ గారు ఒకటే ప్రశ్న అడిగారు: "ఏం తీసుకుంటున్నావ్?"

వాడు నా వైపు చూసి, "అక్కా, నువ్వు బయటికి పో" అన్నాడు.

తర్వాత నాకు కూడా చెప్పాడు. మొదట పౌడరే. నెల రోజులకు జిమ్‌లో ఒకతను "పౌడర్‌తో ఏడాది పడుతుంది, దీనితో పన్నెండు వారాలు" అని గులాబీ రంగు బిళ్లలు ఇచ్చాడు. పేరు లేని చిన్న ప్లాస్టిక్ కవర్‌లో. తర్వాత వారానికి ఒక ఇంజెక్షన్. దానికి 'సైకిల్' అని పేరు. నేను ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. సైకిల్ అనే మాటకు ఇలాంటి అర్థం ఉంటుందని ఆ రోజు దాకా నాకు తెలియదు. నా ఆరు వేలు ఎక్కడికి పోయాయో కూడా అప్పుడే తెలిసింది.

ఆ బిళ్లల్లో ఏముంటుంది?

డాక్టర్ గారు మాకు విడమరిచి చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది సులువుగా రాస్తాను.

మగవాళ్ల శరీరంలో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ తయారవుతుంది. 1935లో శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. దానికి దగ్గరి రసాయనాలే అనబాలిక్ స్టెరాయిడ్లు. కొన్ని జబ్బులకు డాక్టర్లు వీటిని కొలత ప్రకారం ఇస్తారు. జిమ్‌లలో చేతులు మారేవి ఆ కొలతకు ఎన్నో రెట్లు ఉంటాయి.

బయటి నుంచి అంత హార్మోన్ వస్తుంటే, శరీరం "నాకిక పని లేదు" అని తనది తయారు చేయడం ఆపేస్తుంది. వీర్యకణాలు తగ్గుతాయి. అదనపు హార్మోన్‌లో కొంత ఆడవాళ్ల హార్మోన్‌గా మారి మగపిల్లలకు రొమ్ము వాపు వస్తుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, బీపీ పెరుగుతుంది, గుండె కండరం మందమవుతుంది. బిళ్లల రూపంలో ఉండేవి లివర్‌ను దెబ్బ తీస్తాయి. ఆపిన తర్వాత సొంత హార్మోన్ మళ్లీ మొదలయ్యేదాకా కొందరికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో మనసు బాగా కుంగిపోతుంది. అందుకే వీటిని ఆపేటప్పుడు కూడా డాక్టర్ పర్యవేక్షణలోనే ఉండాలి.

మన పిల్లల వయసుకు ఇంకో ప్రమాదం ఉంది. ఎముకల చివర్లలో పెరిగే భాగం ఉంటుంది. అది మూసుకుపోయేదాకా పిల్లలు పొడవు పెరుగుతారు. స్టెరాయిడ్లు దాన్ని ముందే మూసేస్తాయి. పధ్నాలుగేళ్ల పిల్లవాడు కండల కోసం తీసుకుంటే, వాడు పెరగాల్సిన పొడవు అక్కడితో ఆగిపోవచ్చు. అది తిరిగి రాదు.

ఇంకో మాట. ఆయాసానికి, ఎలర్జీకి డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు వేరు. ఈ వ్యాసం చదివి ఏ అమ్మా పిల్లవాడి ఇన్‌హేలర్ ఆపకండి.

బిళ్లల తర్వాత ఇంజెక్షన్లు. ఆపరేషన్ సమయంలో మత్తు వల్ల బీపీ పడిపోతే పెంచడానికి వాడే మెఫెంటెర్మిన్ అనే మందును జిమ్‌కు పోయే కుర్రాళ్లకు అమ్ముతుంటే హైదరాబాద్‌లో అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. ఆపరేషన్ థియేటర్‌లో ఉండాల్సిన మందు పిల్లల బ్యాగుల్లోకి వస్తోందన్నమాట.

తమ్ముడికి కామెర్లు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. మనసు కుదుటపడటానికి ఇంకా ఎక్కువ పట్టింది. 2023 ఎండాకాలమంతా గదిలోంచి బయటికి రాలేదు. ఎక్కిన కండ దిగిపోయింది, ఛాతీ దగ్గర వాపు మాత్రం దిగలేదు. ఆపరేషన్ చేయించాం. ఆ విషయం రాయమని కూడా వాడే అన్నాడు. "మగపిల్లలు సిగ్గుతో చెప్పుకోరు అక్కా. చదివితే అయినా భయపడతరు."

మన ఊరి బడిలో చదివిన అమ్మాయి

ఆ ఎండాకాలంలో వాడిని బయటికి తీసుకురావడానికి నాకు ఒక పాత జ్ఞాపకం పనికొచ్చింది.

2014 మే 25. నేను ఇంటర్‌లో ఉన్నాను. మన తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి చదివే మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. అప్పటికి ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయిల్లో అందరికంటే చిన్నది. సిరికొండ మండలం పాకాల వాళ్లది, తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తనతో పాటు ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఊరంతా అదే మాట. మన బడి పిల్లనా, మన బస్టాండ్‌లో బస్సెక్కే పిల్లనా అని.

ఆ పిల్ల ఒక్కసారిగా 8,848 మీటర్లు ఎక్కలేదు. మొదట భువనగిరి గుట్ట. ఆ బండ మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ. తర్వాత చలికాలంలో లద్దాఖ్, గడ్డకట్టే చలికి శరీరం అలవాటు పడటానికి. కొండ మీద కూడా తొందరపడితే కుదరదు. ఒక క్యాంప్ దాకా ఎక్కడం, మళ్లీ కిందికి దిగడం, శరీరం తక్కువ ప్రాణవాయువుకు అలవాటు పడ్డాక ఇంకొంచెం పైకి. ఆ దిగడాన్ని ఎగ్గొట్టినవాళ్లకు కొండ జబ్బు చేస్తుంది. తర్వాత ఆమె ఒక్కో ఖండంలో ఎత్తయిన శిఖరం ఎక్కుతూ 2022 జూన్‌లో ఏడూ పూర్తి చేసింది. ఎవరెస్ట్ తర్వాత ఎనిమిదేళ్లు.

తమ్ముడికి ఇదే చెప్పాను. "ఆ పిల్ల కూడా దిగి దిగి ఎక్కింది కదరా" అన్నాను. ఏం మాట్లాడలేదు. మరుసటి రోజు పొద్దున నాయనతో పాటు చేను దాకా నడిచి వచ్చాడు. అంతే. ఆ నడకే మొదలు.

కండ పెరగడం కూడా ఆ కొండ ఎక్కడం లాంటిదే. వ్యాయామం చేసినప్పుడు కండరంపై ఒత్తిడి పడుతుంది. నిద్రలో, విశ్రాంతిలో శరీరం దాన్ని సరిచేసుకుంటూ కొంచెం గట్టిగా కడుతుంది. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలు పని నేర్చుకోవడం వల్లే వస్తుంది. కండ కంటికి కనబడటానికి ఇంకా సమయం పట్టేస్తుంది. పిల్లలు అద్దం చూసుకుని "ఏం కాలేదు" అని వదిలేసేది, లేదా బిళ్లల వైపు చూసేది సరిగ్గా ఆ వారాల్లోనే. ఆ సమయంలో "లోపల పని జరుగుతోంది, ఆగకు" అని చెప్పేవాళ్లు ఇంట్లో ఉండాలి.

మన వైపు జాతరల్లో కుస్తీ పోటీలు మీకు తెలుసు. మొదట చిన్నపిల్లలకు కొబ్బరికాయ కుస్తీ. చివరికి వెండి కడియం. కొబ్బరికాయకు పట్టిన పిల్లవాడు అదే ఏడాది కడియానికి దిగడు. మధ్యలో ఎన్ని జాతరలు పోవాలో తాలీంలో పెద్దవాళ్లకు తెలుసు. దండీలు, బస్కీలు, మట్టి, పాలు, నిద్ర. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారని దేశమంతా చెప్పుకున్నారు. ఆయన శాకాహారి. ఆయన ప్రదర్శనలిచ్చిన రోజులకు టెస్టోస్టిరాన్‌ను ఇంకా ఎవరూ తయారే చేయలేదు.

నేను తీసుకున్న గేమ్స్ పీరియడ్

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. పోయిన సంవత్సరం ఫార్మేటివ్ పరీక్షల ముందు సిలబస్ అవ్వలేదని నేను తొమ్మిదో తరగతి గేమ్స్ పీరియడ్‌లు నాలుగు తీసుకున్నాను. పిల్లలు మూలిగారు. "మార్కులొస్తే ఆట తర్వాత ఆడుకోవచ్చు" అన్నాను. ఆ క్లాసులోనే ఇప్పుడు డబ్బా అడుగుతున్న అబ్బాయి ఉన్నాడు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి కనీసం మూడు రోజులు ఎముకలకు, కండరాలకు పని పడాలంటుంది. మన పిల్లలు పొద్దున ఏడింటికి బస్సెక్కి, సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక దిగి, హోంవర్క్ చేసి, పదకొండింటికి పడుకుంటున్నారు. ఆ వయసులో వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆట సమయం మనం తీసుకున్నాం, నిద్ర సమయం కూడా తీసుకున్నాం. రోజంతా "తొందరగా, ఇంకా తొందరగా" అని వింటూ పెరిగిన పిల్లవాడు ఒంటి విషయంలో మాత్రం ఓపిక పట్టాలని మనం ఎలా అనుకుంటాం?

గేమ్స్ పీరియడ్ ఇక తీసుకోనని నా క్లాసుకు మాట ఇచ్చాను. మీరు కూడా ఇంటి దగ్గర రోజుకు అరగంట పిల్లలకు వదిలేయండి. స్కిప్పింగ్ తాడు, కబడ్డీ, షటిల్, సైకిల్ తొక్కడం, నడక ఏదైనా సరే. దండీలు, బస్కీలు తీయడానికి జిమ్ ఫీజు లేదు. బరువులు ఎత్తితే పొట్టిగా అయిపోతారని కొందరు భయపడతారు. తెలిసినవాళ్లు పక్కన ఉండి, తక్కువ బరువుతో సరైన పద్ధతిలో నేర్పితే ఈ వయసు పిల్లలకు అలాంటి ఇబ్బంది లేదు. జిమ్‌కు పంపితే మీరూ ఒకసారి వెళ్లి చూసి రండి. నేర్పే ఆయనతో మాట్లాడండి.

వంటింటి లెక్క

ఆ అమ్మగారికి నేను కాగితం మీద రాసిచ్చిన లెక్క ఇది. మామూలు ఆరోగ్యంతో ఉన్నవారికి ఒక కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని మన పోషకాహార నిపుణుల సిఫార్సు. 55 కిలోల అబ్బాయికి దాదాపు 46 గ్రాములు.

రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు. పెద్ద గ్లాసు పాలలో 8. రెండు పూటలా పప్పు సరిగ్గా వేసుకుంటే 9 దాకా. గుప్పెడు పల్లీలలో 7. కప్పు పెరుగులో 5. రోజుకు తినే అన్నం, రొట్టెల్లో 14 దాకా. మొత్తం 55. లెక్క దాటిపోయింది, డబ్బా మూత తీయకుండానే. బాగా ఆడే పిల్లలైతే ఇంకో గుడ్డు, సాయంత్రం బబ్బెర్ల గుడాలో శనగ గుడాలో పెట్టండి. మాంసం తినేవాళ్లకు వారంలో రెండు రోజులు కోడి కూర, చేపలు. తినని ఇళ్లలో పప్పు ఇంకొంచెం, సోయా, పనీర్. కామారెడ్డి బెల్లం మనకు దగ్గర్లోనే దొరుకుతుంది, పల్లీ పట్టీలు ఇంట్లోనే చేసుకోవచ్చు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పింది.

ప్రొటీన్ పౌడర్ విషం అని నేను అనడం లేదు. 'వే' అని రాసేది పాలు విరగ్గొట్టినప్పుడు మిగిలే నీళ్ల నుంచి తీసిందే. డాక్టర్ రాస్తే వాడండి. కానీ మామూలుగా తినే పిల్లవాడికి అది అవసరం లేదు, పైగా నకిలీవి చాలా తిరుగుతున్నాయి. ఎప్పుడైనా కొనాల్సి వస్తే డబ్బా మీద 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ చూడండి. పేరు లేని కవర్‌లో వచ్చింది ఏదీ, ఎవరిచ్చినా, నోట్లో వేసుకోకూడదని పిల్లలకు ఇప్పుడే చెప్పండి.

మా తమ్ముడి విషయంలో మేము చూసి కూడా పట్టించుకోనివి ఇవి. కొన్ని వారాల్లోనే బరువు బాగా పెరగడం. వీపు, ఛాతీ మీద ఒక్కసారిగా మొటిమలు. ముఖం ఉబ్బడం. నిద్ర లేకపోవడం. ఎన్నడూ లేని కోపం. ఇంట్లో కూడా వదులు చొక్కాలు వేసుకుని ఛాతీ దాచుకోవడం. కారణం చెప్పకుండా డబ్బులడగడం. వీటిలో రెండు మూడు కలిసి కనబడితే తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి. కొడితే దాచడం నేర్చుకుంటారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, వాళ్లిద్దరినీ ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడుకోనివ్వండి. మా తమ్ముడు నిజం చెప్పింది నేను బయటికి వచ్చిన ఆ ఐదు నిమిషాల్లోనే.

ఇంకొకటి, సన్నగా ఉన్న పిల్లవాడిని, లావుగా ఉన్న పిల్లను పేర్లు పెట్టి పిలవకండి. చుట్టాలు పిలుస్తుంటే ఆపండి. మేము నవ్విన 'కట్టెపుల్ల'కు ఎంత ఖరీదు కట్టామో మాకు తెలుసు.

తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. మునుపటి కంటే కొంచెం బరువు, కండ తక్కువే. పొద్దున ఐదింటికి లేచి పరుగెత్తుతాడు, తర్వాత నాయనతో చేను పని. 1600 మీటర్లు ఆగకుండా పరుగెత్తడానికి వాడికి ఏడు నెలలు పట్టింది. మొన్న మొదటిసారి 7 నిమిషాల లోపు వచ్చాడు. మళ్లీ నోటిఫికేషన్ కోసం చూస్తున్నాడు. ఆదివారాలు ఊళ్లోని పిల్లలు నలుగురైదుగురు వాడితో పాటు వస్తారు. ఎవరైనా "అన్నా, ఏం పౌడర్ వాడాలె?" అని అడిగితే చొక్కా పైకెత్తి ఛాతీ మీది ఆపరేషన్ గీత చూపిస్తాడు. ఆ తర్వాత ఎవరూ అడగరు.

ఆ అమ్మగారికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. పుట్టినరోజుకు డబ్బాకు బదులు పరుగెత్తే బూట్లు కొన్నారు. రాత్రి నాకు మెసేజ్ పెట్టారు: "బాబు కొంచెం అలిగిండు మేడం. అన్నం తినలే. కానీ బూట్లు వేసుకునే పడుకున్నడు."

మరుసటి రోజు వాడు క్లాసులో నాతో మాట్లాడలేదు. నాలుగో పీరియడ్ గేమ్స్. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. రెండు రౌండ్లు పరుగెత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆయాసపడి, మూడో రౌండ్ మొదలుపెట్టాడు.

మీ
ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం